టికెట్ వెనక

రాయదుర్గంలో పదిహేడో అంతస్తు.
అద్దం గోడకి అవతల ఫ్లైఓవర్ మీద బళ్లు
చప్పుడు లేకుండా పోతున్నాయి.
అనిరుధ్‌కి ముప్పై నాలుగేళ్లు, కింద మూడొందల మంది.
కాఫీ నా వైపు జరిపి మర్యాదగానే అడిగాడు:
"కోచింగ్‌కి ముందు మీరేం చేసేవారు మేడమ్?"

విజిటింగ్ కార్డు మీద పట్టే సంగతులు కావవి.

మెహదీపట్నం డిపోలో నాలుగేళ్లు కండక్టర్ని.
ఐదో నంబరు బస్సు, సికింద్రాబాద్ దాకా.
స్టీరింగ్ ఎప్పుడూ నా చేతిలో లేదు;
బస్సు మాత్రం నేను "రైట్" అంటేనే కదిలేది.
ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్లు
"లోపలికి రా నాయనా" అంటే వినేవాళ్లు కాదు.
"బ్యాగు ఇటివ్వు, బరువుగా ఉన్నట్టుంది" అంటే
బ్యాగు వెనకే మనిషీ వచ్చేవాడు.
తర్వాత నేను కూర్చున్న ఏ శిక్షణలోనూ
ఈ ముక్క ఇంత తక్కువ మాటల్లో ఎవరూ చెప్పలేదు.

చిల్లర లేనప్పుడు టికెట్ వెనక బాకీ రాసేదాన్ని,
మూడు రూపాయలు, చుట్టూ ఒక సున్న చుట్టి.
దిగేటప్పుడు కొందరు అడగడం మరిచిపోయేవాళ్లు.
రాత్రి డిపోలో లెక్క కట్టాక
ఎక్కువ తేలిన ఆ నాణేలు
నావి కావని చేతికి తెలిసేది.

తర్వాత మారేడ్‌పల్లిలో గడపగడపకీ నీళ్ల ఫిల్టర్లు.
తలుపు సందులోంచి కనిపించే సగం ముఖాన్ని బట్టి
నోరెప్పుడు మూసుకోవాలో నేర్చుకున్నాను.
ఆ తర్వాత బేగంపేటలో రాత్రి ఉద్యోగం,
హెడ్‌ఫోన్లలో ఎవరెవరి కోపాలో వినడం.
అరిచేవాడు అరిచి అరిచి
ఒక్క ఊపిరి తీస్తాడు చూడండి,
అసలు ఫిర్యాదు దాని తర్వాత వస్తుంది.
ఆ ఊపిరి దాకా ఆగడమే ఇవాళ నా వృత్తి.
దీనికి గంటకింత అని పుచ్చుకుంటున్నాను.
అప్పుడప్పుడు సిగ్గేస్తుంది.

ఇక్కడిదాకా చెప్పాను. అనిరుధ్ నవ్వాడు.
జీడిమెట్ల సంగతి చెప్పలేదు.

జీడిమెట్లలో మందుల కంపెనీ. నేను హెచ్.ఆర్.
ఒక సోమవారం పొద్దున గేటు దగ్గర స్టూలెక్కి
నలభై రెండు పేర్లు చదివాను.
గొంతు వణక్కుండా చదివానని
సాయంత్రం జి.ఎం. మెచ్చుకున్నాడు.
ప్యాకింగ్ సెక్షన్ గౌసియా బేగం ముందుకొచ్చింది.
ఏడవలేదు, తిట్టలేదు.
"మేడమ్, నా టిఫిన్ డబ్బా అందర్ ఉంది. తెచ్చుకోనా?"
నేను కాగితంలోకి చూశాను.
నిజంగానే చూశాను,
జవాబు అందులో ఉంటుందేమోనని.

ఆ కాగితంలోంచి తలెత్తడానికి
ఆరేళ్లు పట్టింది నాకు.

"ఏంటి మేడమ్, ఆగిపోయారు?"
"ఏం లేదు. మీరు చెప్పండి."
చెప్పాడు. టార్గెట్లు, క్వార్టరు, పైవాళ్ల ఒత్తిడి,
చెప్పి చెప్పి, ఒక్క ఊపిరి తీశాడు.
"శుక్రవారం లోపు నేనొక లిస్టు ఇవ్వాలి."

ఇలాంటప్పుడు సలహా నాలుక కొసకొచ్చి నిలబడుతుంది
ఫుట్‌బోర్డు కుర్రాడిలా.
వేలాడనిచ్చాను.

"ఎన్ని పేర్లు?"
"పందొమ్మిది."
"చదివేదెవరు?"
"చదవడమేముంది మేడమ్, మెయిల్ వెళ్తుంది."
"వాళ్లలో ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునేదెవరు?"

అద్దంలోంచి కిందికి చూశాడు. చాలాసేపు.
నేను గడియారం చూడలేదు.
చివరికి ఒక పేరు చెప్పాడు. కాసేపాగి ఇంకొకటి.
ఐదో పేరు దగ్గర ల్యాప్‌టాప్ మూసేశాడు.
ఏం చేస్తాడో తెలీదు. అడగలేదు.
శుక్రవారం అతనిది.

కిందికొచ్చి బస్సెక్కాను.
కండక్టరమ్మ ఆధార్ చూసి
మెషిన్‌లోంచి జీరో టికెట్ చింపి చేతిలో పెట్టింది.
నాకిప్పుడెవరూ చిల్లర ఇవ్వక్కర్లేదు.
అలవాటు కొద్దీ వెనక్కి తిప్పాను.
తెల్లగా ఉంది.
పర్సులో పెన్ను వెతికి
గతుకుల్లో వంకరటింకరగా
గౌసియా అని రాసి
చుట్టూ సున్న చుట్టాను.